నీటిమట్టం మీద చెప్పుల బొమ్మ

వానాకాలం వస్తే నా ముందు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులు ఉందో చెప్పేది. రెండోది ఆ అడుగులు చూడటానికి నా వెబ్‌సైటులోకి ఈ క్షణాన ఎంతమంది వచ్చి ఉన్నారో చెప్పేది. మొదటిది పెరిగితే రెండోది పెరుగుతుంది. రెండోది పెరిగితే ఇంటి కిరాయి, పిల్ల ఫీజు, కరెంటు బిల్లు గట్టెక్కుతాయి. అంటే జిల్లా మునిగితే నేను తేలతాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా మోశాను. ఇక మోయలేక రాస్తున్నాను.

నేను పుట్టింది కల్లూరు పక్క పల్లెలో. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. ఆ భూమి నాలుగు వాటాలయ్యేసరికి నా వాటాకు నోరు మాత్రమే మిగిలిందని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఆ నోటిని నమ్ముకునే పత్రికలో విలేకరినై భద్రాచలం చేరాను. విలేకరి అంటే వార్తలు రాసేవాడని బయటివాళ్ల భ్రమ. పండగొస్తే యాడ్లు తెచ్చేవాడే విలేకరి. ఎరువుల దుకాణం యజమాని, కొత్త సర్పంచి, బట్టల షాపు ఆయన, అందరి గడపా తొక్కాను. శుభాకాంక్షలతో వాళ్ల ఫొటో పడితే మర్నాడు పొద్దున్నే పత్రిక చంకలో పెట్టుకుని హోటల్ దగ్గరికి వచ్చేవాళ్లు. అడుక్కోవడంలో సిగ్గు ఉండేది, నిజమే. కానీ యాడ్ ఇచ్చినవాడి మొహం నాకు తెలుసు, చూసినవాడి మొహమూ తెలుసు. ఫొటోలో మీసం సరిగ్గా పడలేదని నాతో వారం రోజులు మాట్లాడనివాడూ ఉన్నాడు.

తర్వాత పత్రిక పేజీలు తగ్గించింది. నన్నూ తగ్గించింది.

అప్పుడు పెట్టాను ఈ వెబ్‌సైటు. మిర్చి ధర, ఉద్యోగ ప్రకటనలు, రాశిఫలాలు, అన్నీ ఉంటాయి. జనం వచ్చేది మాత్రం గోదావరి కోసం. గంట గంటకూ అధికారులు చెప్పే నీటిమట్టం తెచ్చి పెడతాను. నలభై మూడుకు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ఒక్కటే, ఇప్పుడెంత? ఆ ఒక్క ప్రశ్న మీదే నా సంసారం నడుస్తోంది.

ఈ యాడ్లు నేను అడుక్కొచ్చినవి కావు. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ ఉంది. నా పేజీలో ఇంత జాగా వాళ్లకు వదిలేస్తే చూసేవాడిని బట్టి వాళ్లే ఏదో ఒక బొమ్మ పెడతారు. చూస్తే పైసలు, నొక్కితే ఇంకొన్ని పైసలు. యాడ్ ఇచ్చినవాడెవడో నాకు తెలియదు, నేనెవడినో వాడికి తెలియదు. మొదట్లో దీన్ని స్వేచ్ఛ అనుకున్నాను. ఎవరి గడపా తొక్కక్కర్లేదు కదా అని సంబరపడి పది ఫ్లెక్సీలు కూడా కొట్టించాను. నేను చేతులు జోడించి నిలబడి ఉంటాను, నా వెనకాల గోదావరి. తొమ్మిది సెంటర్లలో కట్టించాను. పదోది మా అక్కకిచ్చాను. బూర్గంపాడు దాటాక నది ఒడ్డున ఉంటుంది మా అక్క ఊరు. ఊళ్లో కట్టిస్తుందనుకుంటే, మా బావ దాన్ని తీసుకెళ్లి చేలో మంచె మీద కప్పేశాడు. "మంచి గట్టి పట్టరా, చుక్క నీళ్లు దిగుతలేవు" అని మెచ్చుకున్నాడు కూడా.

స్వేచ్ఛ ముచ్చట ఏడాదిలో తీరిపోయింది. కంపెనీ రేటు తగ్గిస్తే ఎందుకని అడగడానికి మనిషి లేడు. బట్టల షాపు ఆయన పది రూపాయలు తగ్గిస్తే కూర్చుని పోట్లాడేవాడిని. ఇక్కడ పోట్లాడటానికి గోడ కూడా లేదు. రేటు తగ్గితే నొక్కులు పెంచుకోవాలి, అంతే దారి. అందుకని నేను కొన్ని పనులు చేశాను. నీటిమట్టం ఒక పేజీలో పెట్టి, ఏ రోడ్డు మునిగిందో ఇంకో పేజీకి మార్చాను. జనం రెండు పేజీలు తిప్పితే రెండు రెట్లు యాడ్లు. తర్వాత యాడ్‌ను సరిగ్గా నీటిమట్టం అంకె మీదికి తెచ్చాను. అక్కడైతే ఎక్కువమంది కళ్లు పడతాయని కంపెనీవాళ్ల సలహా. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉంటుంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు ఉందని నా భార్య అంది. కసిరాను. నిజం చెప్పినవాళ్లను కసరడం నాకు మొదటి నుంచీ అలవాటు.

ఇక అసలు తప్పు తల్లాడలో జరిగింది, మా చిన్నాన్న కూతురి పెళ్లిలో. భోజనాలయ్యాక చదివింపుల దగ్గర కూర్చున్నాం. ఒకాయన నోట్‌బుక్కులో రాస్తున్నాడు, ఇంకొకాయన మైకులో ఊరూ పేరూ చదువుతున్నాడు. మా అక్క సంగతి చెప్పాలి. ఒకరింట అన్నం తిని చదివింపు రాయకుండా వచ్చిందనే మాట ఆమె ఎన్నడూ పడలేదు. పత్తి పోయిన ఏడాది కూడా ఎక్కడో సర్ది తెచ్చి రాయించింది. ఆ రోజు చుట్టాలంతా నా మీద పడ్డారు. రోజూ నీ సైటు చూస్తున్నాం, మాకేం బిల్లు వేయవా అని వేళాకోళం.

"బిల్లు లేదు, గిల్లు లేదు" అన్నాను నేను. "పైన యాడ్ ఉంటుంది చూశారా, చూసినప్పుడల్లా దాన్ని ఒకసారి నొక్కండి. అదే నాకు చదివింపు."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. చీర కొంగుకు చేయి తుడుచుకుని ఫోన్ తీసింది.

"యాడ నొక్కాలెరా? చూపియ్యి."

చూపించాను. ఈ చేత్తోనే చూపించాను.

ఆ మర్నాటి నుంచి మా చుట్టాలు పనిగట్టుకుని నొక్కడం మొదలుపెట్టారు. అక్క ఊళ్లో ఆడవాళ్లంతా, ఆమె తమ్ముడంటే తమకూ తమ్ముడే కదా అని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నొక్కేవాళ్లు. దేనికి నొక్కుతున్నామో ఎవరికీ పట్టలేదు. కార్ల యాడ్ వచ్చినా, బెంగళూరులో ఫ్లాట్ల యాడ్ వచ్చినా నొక్కడమే. ఆ నెల ఆదాయం చూసి నా తెలివికి నేనే మురిసిపోయాను. పై నెల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒకే చోటి నుంచి అనుమానం కలిగేలా నొక్కులు పడుతున్నాయి, ఇలాగే సాగితే ఖాతా మూసేస్తాం అని. ప్రేమతో నొక్కారని వాళ్లకు చెప్పుకునే వీలు ఆ ఉత్తరంలో లేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి వద్దన్నాను. వాళ్లు సరేనన్నారు. చివరికి అక్కకు చేశాను.

"ఏందిరా గట్లంటవ్?" అంది. "ఊకెనే నీళ్ల లెక్క చూసి పోవాల్నా? మనకు గది అలవాటు లేదు."

"కంపెనీవాళ్లు వద్దంటున్నారక్కా. నిజంగా అవసరం ఉన్నోళ్లే నొక్కాలంట."

"నాకు అవసరమే. నువ్వు బతకాలె గదా."

ఆ నెల చేతిలో ఏమీ లేదు. అందుకే, "సరేలే, ఎప్పుడన్నా ఒకసారి నొక్కు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొస్తే చేయి ఆగిపోతుంది.

ఆ ఏడాది వరద శ్రావణం రాకముందే వచ్చింది. ముందు రోజు సాయంత్రం నలభై నాలుగు. పొద్దున ఏడింటికి నలభై తొమ్మిది. ఎగువ నుంచి ఇంకా వస్తోందన్నారు. మా అక్క ఊరికి లెక్క యాభై. యాభైకి వస్తే నది నీళ్లు వాగులోకి ఎదురు తన్ని ఊరికీ చేలకూ మధ్య దారి తెగిపోతుంది. వాళ్ల గేదెలు రెండూ వాగు అవతల చేలోనే కట్టేసి ఉంటాయి. వాటిని ఎప్పుడు తోలుకురావాలన్నది మా అక్క నా పేజీ చూసి చెబుతుంది, మా బావ వెళ్లి తోలుకొస్తాడు. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి.

తొమ్మిదిన్నరకు నా రెండో అంకె నేను జన్మలో చూడనంత పైకి పోయింది. నా భార్య టీ తెచ్చి పెడితే, "ఈ నెల గట్టెక్కినట్టే" అన్నాను. నవ్వుతూ అన్నాను. అప్పుడే నదీతీరం వైపు నుంచి ఎవరో ఒక వీడియో పంపారు. దూరం నుంచి తీసింది. చుట్టూ ఎర్రటి నీళ్లు, మధ్యలో ఒక మంచె, దాని మీద ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఏ ఊరో పంపినవాడు రాయలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆలస్యమవుతుంది, ఇంకొకడు ముందు పెట్టేస్తాడు. శీర్షిక కొట్టాను: "నీళ్ల మధ్య మంచెపై రైతు.. చివరికి ఏమైందంటే?"

చివరికి ఏమైందో నాకు తెలియదు. ఆ మనిషి ఇంకా నీళ్ల మధ్యనే ఉన్నాడు. రెండో పేజీలో "పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది" అని ఒక వాక్యం రాసి, దాని కింద మూడు యాడ్లకు జాగా వదిలాను. జనం విరగబడ్డారు.

శీర్షిక పక్కన పెట్టడానికి ఒక ఫొటో కావాలి. వీడియో ఆపి పెద్దది చేసి చూశాను. మంచె మీద కప్పు కనిపించింది. ఫ్లెక్సీ. అందులో ఎవడో తలకిందులుగా చేతులు జోడించి ఉన్నాడు. ముందు నవ్వొచ్చింది. ఆ చొక్కా నాదే. తర్వాత ఆ పదో ఫ్లెక్సీ ఎవరికిచ్చానో గుర్తొచ్చింది.

అక్కకు ఫోన్ చేస్తే కలవలేదు. బావకూ కలవలేదు. ఆ ఊళ్లో తెలిసినవాళ్లకూ, పోలీసులకూ, మండల ఆఫీసుకూ చేశాను. వర్షంలో బండి తీశాను కానీ రోడ్డు అప్పటికే మునిగింది. నా సైటులో రెండో పేజీలో ఆ సంగతి నేనే రాశాను. ఒడ్డున నిలబడి ఏమీ చేయలేక ఫోన్ చూస్తూ ఉన్నాను. ఆ శీర్షిక కింద జనం రాస్తున్నారు: చివరికి ఏమైంది, చెప్పు అన్నా, ఉన్నాడా పోయాడా, ఊరికే నొక్కించుకుంటున్నావా? తిట్లు చదువుతూ ఏడ్చాను. తీసేద్దామని వేలు పెట్టి, ఎవరైనా పడవవాళ్లు చూస్తారేమోనని ఆగిపోయాను. ఆ ఆలోచనలో ఎంత నిజమో, ఎంత నాటకమో నాకే తెలియదు.

మూడింటికి పక్క ఊరి చేపలు పట్టేవాళ్లు పడవ తీసుకెళ్లి బావను ఒడ్డుకు చేర్చారు. నా సైటులో చూసే బయల్దేరామని వాళ్లలో ఒకాయన తర్వాత చెప్పాడు. నా పని ఒట్టి పాపమే అయి ఉంటే ఆ రోజే మూసేసి పీడ వదిలించుకునేవాడిని. ఆ ఒక్క మాట నన్ను కుడితిలో పడ్డ ఎలుకను చేసి వదిలింది.

నీళ్లు తీశాక వెళ్లాను. బావ జ్వరంతో పడుకుని ఉన్నాడు. ఒక గేదె తాడు కోసేస్తే ఈదుకుంటూ వచ్చేసిందట. రెండోది చూడి గేదె. దాని దాకా ఆయన చేరలేకపోయాడు. కట్టుకొయ్య దగ్గరే పోయింది. అక్క గుమ్మంలో కూర్చుని బురద పట్టిన గిన్నెలు తోముతోంది. నేను పక్కన కూర్చున్నాను. అడగకుండానే చెప్పింది.

"ఎనిమిదింటికే తెరిచిన్రా. ముందు నీది నొక్కుదాం, తర్వాత నీళ్లు చూద్దామనుకున్న. చెప్పులొచ్చినయ్. ఎర్ర చెప్పులు, బాగనే ఉన్నయ్. వాటి మీద ఇంకేందో వచ్చింది, అది నొక్కితే ఇంకోటి. ఎనక్కి రాలే. నెట్టు అయిపోయింది. నిన్న నలభై నాలుగే గదా, ఎంత పెరుగుద్దిలే, తిని పోదువులే అన్న మీ బావను."

అక్క గిన్నె కడిగి బోర్లించింది.

"నాదే తప్పు. నాకు నొక్కుడు సరిగ్గ రాదు."

తప్పు నీది కాదక్కా, నాది, ఆ అంకె మీద చెప్పుల బొమ్మ పెట్టించింది నేను, అని గట్టిగా అరిచాను. వీధిలో వాళ్లు తొంగిచూశారు. అక్క నా వైపు వింతగా చూసింది. "నీదేముందిరా, నువ్వు వద్దనే అన్నవ్ గదా" అంది. ఎప్పుడన్నా ఒకసారి నొక్కమన్నానని ఆమె మరిచిపోయిందో, మరిచినట్టు నటించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నెలాఖరుకు లెక్క వచ్చింది. నా వెబ్‌సైటు పుట్టాక అంత ఆదాయం ఎన్నడూ రాలేదు. ఏ ప్రాంతం నుంచి ఎన్ని నొక్కులో కూడా అందులో ఉంటుంది. ఆ రోజు, ఆ గంటకు బూర్గంపాడు వరుసలో ఒకే ఒక్క నొక్కు ఉంది. దాని విలువ ఒక టీకి కూడా చాలదు. ఆ చెప్పులమ్మేవాడు మా అక్కను కొనుగోలుదారు అనుకుని పైసలిచ్చాడు. ఆమె ఆ చెప్పులు కొనలేదు, కొనదు కూడా. వాడికీ నష్టమే. అందరూ నష్టపోయిన ఈ బేరాన్ని ఎవరు నడుపుతున్నారో, ఎన్నాళ్లు నడుస్తుందో నాకు అర్థం కాలేదు. నా ఫ్లెక్సీ నయం. కనీసం మా బావ మీద వాన పడకుండా ఆపింది.

ఆ నెల పైసలతో అక్కకు గేదెను కొనిచ్చాను. వద్దంది, తర్వాత తీసుకుంది. ఊళ్లో దాన్ని "యాడ్ బర్రె" అంటారు. అక్కే పెట్టింది ఆ పేరు, గర్వంగా.

నేను నీటిమట్టం పేజీలో యాడ్లన్నీ పీకేశాను. ముక్కలు చేసిన పేజీలను మళ్లీ ఒకటి చేశాను. చూసేవాళ్లే తలా ఇంత ఇవ్వండని రాశాను. కొందరు ఇచ్చారు. ఎక్కువమంది, గోదావరి నీ అబ్బ సొత్తా అన్నారు. పాత రోజుల్లాగే దుకాణాల గడపలు తొక్కాను. బట్టల షాపు ఆయన కూర్చోబెట్టి టీ తాగించాడు.

"ఇప్పుడు నీతోని పనేముంది?" అన్నాడు. "నా షాపు యాడ్ నేనే ఫోన్ల పెడుతున్న. నీ సైట్ల గూడ వస్తది, చూసుకో."

చూసుకున్నాను. వచ్చింది. ఆయన మొహం, ఆ మీసం, సరిగ్గానే పడ్డాయి. ఆయన పైసలు ఎక్కడికో పోయి, అందులో చిల్లర నాకు చేరుతోంది. ఇద్దరం ఒకే వీధిలో ఉంటాం. పిచ్చిగా నవ్వొచ్చింది. నాలుగు నెలలకు సర్వర్ బిల్లు, పిల్ల ఫీజు ఒకేసారి మీద పడ్డాయి. మూసేస్తే ఇప్పుడెంత అని అడిగేవాళ్లకు జవాబు లేదు. నడిపితే నాకు తిండి లేదు. యాడ్ మళ్లీ పెట్టాను. ఈసారి అంకె కింద పెట్టాను. కింద పెడితే ఎవరూ చూడరు, ఆదాయం సగం. నేను భరించగలిగిన నిజాయితీ అంతవరకే.

ఈ ఏడు జూలైలో మళ్లీ వాన పట్టుకుంది. పొద్దున్నే కూర్చుని రెండు అంకెలూ చూస్తున్నాను. రెండోది పెరుగుతుంటే లోపల ఏదో తేలికవుతోంది, వెంటనే అసహ్యం వేస్తోంది. అప్పుడు అక్క ఫోన్ చేసింది.

నేనే ముందు మాట్లాడాను. "నలభై రెండక్కా. పెరుగుతోంది. గేదెలను ఇప్పుడే తోలుకురండి, ఆగొద్దు."

"నిన్న పొద్దుగూకక ముందే తోలుకొచ్చినం. వాగు రంగు మారింది. ఇగ నీ ఫోన్ చూసేదాక ఎవరాగుతరు?"

మంచిదక్కా అన్నాను. నిజంగానే గుండెల మీద బరువు దిగింది. నా అంకె ఆమెకు ఇక అక్కర్లేదు. మరి ఎందుకు చేసినట్టు అనుకుంటుండగానే చెప్పింది.

"నీది కిందికి పెట్టినవేందిరా? ఎతుక్కోవాల్సొచ్చింది. నొక్కిన, చెబుదామని చేసిన."

నీళ్లు చూడటానికి తెరవలేదు ఆమె. నా కోసమే తెరిచింది. వద్దక్కా అని అప్పుడైనా అనాలి. నోరు తెరిచాను కూడా. ఎదురుగా తెర మీద రెండో అంకె ఒకటి పెరిగింది.

"సరే అక్కా" అన్నాను.